పౌరుషము, లాలన

బిడ్డను చక్కగా పెంచిన తండ్రిని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు లోకము, "తల్లి లేని లోటు తెలియనీయలేదు" అనును. మెప్పుగా వినిపించే ఈ మాటలో ఒక తీర్పు కూడ ఉన్నది. లాలన తల్లి సొత్తు. ఆమె లేనప్పుడు తండ్రి దానిని ఎరువు తెచ్చుకొన్నాడు. ఆమె ఉన్నంతకాలము అతనికి ఆ పనితో నిమిత్తము లేదు. ఈ తీర్పు న్యాయమైనదేనా?

కోల్‌కతాలో జొరాసాంకో ఠాకూరుల యింటి చరిత్ర ఈ ప్రశ్నకు మంచి ఒరగల్లు. మహర్షి దేవేంద్రనాథుడు తరచు యాత్రలలో ఉండేవాడు. బాల్యమున తాను నౌకర్ల యేలుబడిలో పెరిగిన తీరును రవీంద్రుడే వ్రాసినాడు. 1873లో ఉపనయనమైన పిమ్మట తండ్రి వెంట హిమాలయములకు వెళ్లినప్పుడు గాని ఆ బాలునికి పితృసాన్నిధ్యము నిండుగా దక్కలేదు. ఆ తండ్రి ప్రేమ లేనివాడు కాడు. పెద్దింటి మగవాడు బిడ్డల పెంపకమునకు దూరముగా ఉండుటే మర్యాద అనుకొన్న కాలమది.

అట్లు పెరిగిన రవీంద్రుడు వేరొక దారి పట్టినాడు. 1902లో భార్య మృణాళినీదేవి మంచము పట్టగా తానే పరిచర్య చేసినాడు. ఆ నవంబరులో ఆమె గతించినది. మరుసటి యేడు, క్షయతో కృశించుచున్న కుమార్తె రేణుకను గాలిమార్పుకై అల్మోరాకు తీసికొనిపోయినాడు. 'శిశు' సంపుటిలోని గీతములు పెక్కు అక్కడ పుట్టినవే. రోగి పడక ప్రక్కన కూర్చుండుట వలన ఆయన పౌరుషమునకు గాని ప్రతిభకు గాని కొరత కలుగలేదు.

అయినను ఆ రేణుకకు 1901లో, పదకొండేండ్లు నిండక మునుపే, పెండ్లి చేసినది ఆ తండ్రియే. సేవలో చూపిన మెత్తదనము పెద్దరికము దాక చేరలేదు. లాలనకు అసలు పరీక్ష ఇక్కడనే. జ్వరములో బిడ్డ నుదురు నిమిరిన తండ్రి, ఆ బిడ్డ బ్రతుకును గురించి నిర్ణయము చేయునప్పుడు కూడ ఆ ముఖము వైపు చూడవలెను గదా!

కూటికై ఇల్లు విడిచిన తండ్రుల మాట యేమని కొందరు అడుగవచ్చును. రవీంద్రుని 1892 నాటి 'కాబూలీవాలా' కథలో రహమతు కూతురి చేతి మసిముద్ర గల కాగితమును రొమ్మున దాచుకొని కలకత్తా వీథులలో తిరిగినాడు. దూరముననున్న వాడెల్ల నిర్దయుడు కాడు. కాని సాయంకాలమునకు ఇల్లు చేరగలవానికి రహమతు సాకు చెల్లదు.

నేడు కేంద్రప్రభుత్వోద్యోగులలో తల్లికి 180 రోజుల ప్రసూతి సెలవు, తండ్రికి 15 రోజుల సెలవు ఉన్నవి. ప్రసవించిన దేహమునకు ఎక్కువ విశ్రాంతి కావలెననుట న్యాయమే. అయితే తరువాతి శిశుసంరక్షణకై ఇచ్చు 730 రోజుల సెలవు స్త్రీలకును, భార్య లేని ఒంటరి తండ్రులకును మాత్రమే. లోకము పొగడ్తలో అన్న మాటనే శాసనము నిబంధనగా వ్రాసుకొన్నది.

లాలన పుట్టుకతో వచ్చు సొత్తు కాదు. స్నానము చేయించుట, అన్నము కలిపి పెట్టుట, రాత్రి ఏడుపునకు లేచుట - చేయగా చేయగా అబ్బు విద్య అది. తల్లి బ్రతికియుండగనే ఆ విద్య నేర్చిన మగవానిని ఏ పేరున పిలువవలెనో లోకమునకు తోచకున్నది. తండ్రి అన్న పేరు చాలును.