మాటకి గడువు

స్థానం నరసింహారావు గారు పుట్టింది బాపట్లలో, సత్యభామగా వెలిగింది తెనాలి రామవిలాస సభలో. ఆ నాటకాల పిచ్చి రేపల్లెలో మా తాతయ్యకి ఇంకా వదల్లేదు. ఏళ్లుగా ఆయన అడుగుతున్నది ఒక పాత పద్యాల రికార్డు. గాత్రం కోసం కాదు, వెనకున్న హార్మోనియం కోసం. 1940లో ఆలిండియా రేడియో ఆ వాద్యాన్ని బయటికి పంపేసింది. ఆ కాలపు వాయింపు వినాలంటే ఇలాంటి ప్లేట్లే గతి.

చివరికి బాపట్లలో ఒక పెద్దాయన దగ్గర దొరికింది. "విను, కాపీ చెయ్యకు" అన్నారు. సరేనన్నాను. మూడు నిమిషాలు. లేబుల్ మీద హార్మోనిస్టు పేరు లేదు.

జేబులో ఫోన్ ఉంది. చట్టం అడ్డు రాదు, విడుదలై 60 ఏళ్లు దాటితే రికార్డుకి కాపీరైట్ పోతుంది. ఇచ్చిన మాటకి అలాంటి గడువేదీ లేదు. కానీ పేరైనా దక్కని ఆ వాయించినాయనకి మనం బాకీ లేమా?

రికార్డ్ చెయ్యలేదు. తాతయ్యకి అదే చెప్పాను, కాస్త గర్వంగానే.

"ఇక్కడొకడు వినాలని ఉన్నాడని ఆయనకి చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. తట్టనే లేదు. మాట తప్పాలా, నిలుపుకోవాలా అని అంతసేపు నాలో నేనే వాదించుకున్నాను గానీ, మాట తీసుకున్న మనిషిని అడగలేదు. రెండిట్లోనూ ఆయన్ని ఒప్పించే శ్రమ తప్పుతుంది మరి.

వచ్చే ఆదివారం మళ్ళీ బాపట్ల వెళ్తున్నాను.