లెక్క చూచుట అవిశ్వాసమా?



బిడ్డకు గుండె ఆపరేషను అనగానే సంఘమంతా మోకరించుట మన వాడుక. అయితే డాక్టర్లు ముందుగా కంప్యూటరులో ఆ బిడ్డ రక్తప్రవాహమును లెక్కగట్టి చూతురని విన్నప్పుడు, "దేవుని చేతిలోనున్న దానికి యంత్రపు జోస్యమెందుకు?" అని కొందరు మమ్మును అడుగుచున్నారు. "కంప్యూటరే చూచినది గదా, ఇక భయమెందుకు?" అని మరికొందరు అనుచున్నారు. ఈ రెండు మాటలును సరికావని మా అభిప్రాయము.

కొందరు బిడ్డలు గుండెలో సరిగా పనిచేయు పంపు గది ఒక్కటే ఉండి పుట్టుదురు. 1968లో ఫ్రాన్సు దేశమందలి బోర్డోలో ఫ్రాన్సిస్ ఫొంటాన్ అను శస్త్రవైద్యుడు, శరీరమునుండి తిరిగివచ్చు రక్తమును పంపు గదితో పనిలేకుండ ఊపిరితిత్తులకు మళ్లించు ఆపరేషను చేసెను. పంపు లేనిచోట ప్రవాహమునకు ప్రతి చిన్న అడ్డంకియు నష్టమే. పైనుండి వచ్చు సిరను, క్రిందినుండి వచ్చు సిరను సరిగ్గా ఎదురెదురుగా అతికినయెడల, రెండు పంటకాలువలు ఢీకొన్నట్లు బలము వృథాయగును. లండను శస్త్రవైద్యుడు మార్క్ డి లెవాల్, ఇటలీలోని మిలాను ఇంజనీర్లు కలిసి కంప్యూటరు లెక్కలతో దీనిని పరిశీలించి, అతుకును కొంచెము పక్కకు జరిపినచో ఆ నష్టము తగ్గునని 1996లో ప్రకటించిరి. నేడు కొన్నిచోట్ల ఎమ్మారై చిత్రములనుండి ఆయా బిడ్డ రక్తనాళముల రూపమునే తయారుచేసి, రకరకాల అతుకులు వేసి చూచుచున్నారు. కాలేయమునుండి వచ్చు రక్తము రెండు ఊపిరితిత్తులకును చేరునా అనియు చూతురు. అది అందని ఊపిరితిత్తిలో నాళములు చెడిపోవచ్చును.

పూర్వము ఏ అతుకు మంచిదో తెలిసికొనుటకు బిడ్డల దేహములే పలకలాయెను. ఒక బిడ్డకు కలిగిన నష్టము మరియొక బిడ్డకు పాఠమాయెను. నేడు ఆ తప్పులలో కొన్ని తెరమీదనే జరిగి, తెరమీదనే తుడిచివేయబడుచున్నవి. గోపురము కట్టదలచినవాడు ముందు లెక్క చూచుకొనుటను ప్రభువే ఉదాహరణగా చెప్పెను (లూకా 14). కావున లెక్క అవిశ్వాసము కాదు, బిడ్డపట్ల జాగ్రత్త.

అయినను లెక్క అంచనాయే. పరుగెత్తు బిడ్డ, జ్వరపడు బిడ్డ, ఎదుగు బిడ్డ తెరమీది బొమ్మ కాదు. "కంప్యూటరు చెప్పినది" అని ఏ వైద్యుడును తన బాధ్యతను దానిమీదికి నెట్టరాదు. తెలిసినదేదో, ఊహించినదేదో తల్లిదండ్రులకు విడమరచి చెప్పవలెను. డాక్టరు ఇంగ్లీషులో చెప్పగా తల్లి తలయూపినంతమాత్రమున ఆమెకు అర్థమైనట్లు కాదు. సంఘములో చదువుకొన్నవారు ఆమెతోకూడ వెళ్లి, ఆమె అడుగలేని ప్రశ్న అడుగవలెను. మన ప్రార్థనలో అదియు భాగమే.

మోకరించుదము, లేచి ఆమెతోకూడ నడుచుదము. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.