పరిగె గింజలు, పరాయి అడవి

కోత అయిపోయి, కుప్పలు నూర్చి, రైతు ధాన్యం బండికెత్తుకుని వెళ్లాక కూడా చేలో కొన్ని గింజలు మిగులుతాయి. ఆ పరిగె ఏరుకుని బతకడాన్ని ఉంఛవృత్తి అన్నారు. మహాభారతం అశ్వమేధ పర్వంలో కురుక్షేత్రంలోని ఒక పేద కుటుంబం అలాగే బతికింది. కరువు రోజుల్లో దొరికిన కాసిని యవలను పేలపిండి చేసి నలుగురూ తినబోతుంటే గుమ్మంలోకి అతిథి వచ్చాడు. భర్త వాటా, భార్య వాటా, కొడుకు వాటా, కోడలి వాటా వరుసగా ఆయన విస్తట్లోకి వెళ్లిపోయాయి. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగతా సగం కోసం అది ధర్మరాజు యాగశాలకు వచ్చి పొర్లింది. ఆ పిడికెడు పిండికి ఇంత యాగమూ సాటిరాదని నిండు సభలో తేల్చేసింది.

ఈ కథలో అందరూ ఆఖరి త్యాగాన్నే చెప్పుకుంటారు. నా మనసు మాత్రం మొదట్లోనే ఆగిపోతుంది. ఆ గింజలు వాళ్లు విత్తినవి కావు. తాము విత్తనిదాన్ని ఎలా తీసుకోవాలో తెలిసినవాళ్లు కనుకనే అంత తేలిగ్గా పెట్టగలిగారేమో.

స్వీడన్‌లో ఉంటున్న మనవాళ్లను ఆగస్టులో చూస్తే ఆ కుటుంబమే గుర్తొస్తుంది. ఆ దేశంలో మూడింట రెండు వంతులకు పైగా అడవే. చాలా భాగానికి యజమానులున్నారు. అయినా అక్కడ ఎవరైనా నడవొచ్చు, బ్లూబెర్రీలూ ఎర్రటి లింగన్ పళ్లూ కోసుకోవచ్చు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. దీన్ని అల్లెమాన్స్‌రెట్టెన్ అంటారు, అందరి హక్కు అని. తరతరాల ఆచారంగా వచ్చినదాన్ని 1994లో రాజ్యాంగంలోనూ చేర్చారు. ఇందులో నాకు నచ్చేది, నువ్వు ఎవరివని అడగకపోవడం. నిన్న విమానం దిగిన విద్యార్థికీ, ఆ దేశపు రాజుకూ బ్లూబెర్రీ మొక్క దగ్గర ఒకటే హక్కు. వీసా గడువుతో పనిలేదు.

హక్కుతో పాటు కట్టుబాటూ ఉంది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, దేన్నీ పాడుచేయకూడదు. పచ్చి కొమ్మ విరవకూడదు, బెరడు ఒలవకూడదు, ఇళ్ల పెరళ్లలోకి చొరబడకూడదు. పతంజలి యమాలలో చెప్పిన అహింస, అస్తేయం, అపరిగ్రహాలను చెట్ల మధ్య నిలబడి సాధన చేయాలంటే ఇంతకంటే వేరే నియమాలు అక్కర్లేదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల్లో తేనెటీగనూ చేర్చాడు. పువ్వు నలగకుండా కొంచెం కొంచెం తీసుకోవడం దాని నుంచి నేర్చాడు. కూడబెడితే ఏమవుతుందో కూడా దాని నుంచే నేర్చాడు. మరి డీప్ ఫ్రీజర్ నిండా బ్లూబెర్రీ డబ్బాలు పేర్చుకునేవాళ్ల సంగతేమిటి? నెలల తరబడి పగటి వెలుగు కరువయ్యే దేశంలో ఆ మాత్రం దాచుకోవడాన్ని అవధూత క్షమిస్తాడనే నా నమ్మకం. క్షమించలేనిది వేరే ఉంది. వేసవిలో థాయ్‌లాండ్ నుంచి కూలీలు ఉత్తరాది అడవులకు పళ్లు ఏరడానికి వస్తారు. అప్పుచేసి వచ్చి, రోజంతా నడుం వంచి ఏరినా చేతిలో ఏమీ మిగలనివాళ్ల గోడు అక్కడి పత్రికల్లో వచ్చింది. అందరి హక్కు వ్యాపారం చేతికి చిక్కితే, పువ్వు నలగకపోయినా మనిషి నలుగుతాడు.

పుట్టగొడుగుల దగ్గర ఇంకో పరీక్ష. పసుపురంగు కాంటరెల్‌కు అక్కడివాళ్లు అడవి బంగారమని పేరు పెట్టుకున్నారు. తెల్లటి విష పుట్టగొడుగు ఒకటుంది. లేతగా ఉన్నప్పుడు దాన్ని చూస్తే మన వరిగడ్డి పుట్టగొడుగే అనిపించవచ్చు. తింటే కాలేయం పోతుంది. చిన్నప్పుడు గడ్డివాముల దగ్గర ఏరిన అనుభవం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. నూటికి నూరుపాళ్లూ తెలిసిందే ముట్టుకోవాలి. తెలియాలంటే తెలిసినవాళ్ల వెంట నడవాలి. 18వ శతాబ్దంలో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఉప్సలా నగరం చుట్టుపక్కల శిష్యులను వెంటబెట్టుకుని మొక్కలు చూపిస్తూ నడిచేవాడు. ఇప్పుడు ఆ పని పక్కింటి పెద్దావిడ చేస్తుంది. వారాంతంలో బుట్ట పట్టుకుని రమ్మంటుంది. సత్సంగమంటే ఎప్పుడూ మైకు, వేదిక ఉండాలని ఎవరన్నారు?

ఏరినది ఇంటికి వచ్చాక అతిథి సంగతి. స్వీడన్‌లో చెప్పాపెట్టకుండా ఎవరింటికీ వెళ్లరు. మన పెద్దవాళ్లకు ఇది మొదట్లో ముళ్లలా గుచ్చుకుంటుంది. కానీ వెళ్లాక గుమ్మంలోనే చెప్పులు విడుస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో కాచిన లింగన్ జామ్ సీసా ఒకటి పట్టుకెళ్తారు. కొన్నాళ్లకు మళ్లీ కలిస్తే, పలకరింపుతో పాటే పోయినసారి ఆతిథ్యానికి కృతజ్ఞత చెబుతారు. తిన్న ఇంటిని అన్నాళ్లు గుర్తుపెట్టుకోవడం మనకూ అబ్బితే బాగుండును. అక్కడి మనవాళ్ల ఇళ్లలో ఆ పుల్లటి లింగన్ పచ్చడిగా మారుతుంది. గోంగూర దొరకని చోట పుల్లటి రుబార్బ్ కాడలు పప్పులో పడతాయి. ఆ పప్పు తిన్న స్వీడిష్ మిత్రులు కారానికి కళ్లు తుడుచుకుంటూనే మరికాస్త వడ్డించమంటారు.

ఏరినదంతా పంచే ఈ మనుషులు ఒక్కటి మాత్రం పంచరు. కాంటరెల్ దొరికే చోటు కన్నబిడ్డలకైనా చెబుతారో లేదో. మనవాళ్లకూ ఆ గుణం బాగానే వంటబట్టింది. ఉప్సలాలో ఒక మిత్రుడు కొసరి కొసరి కాంటరెల్ కూర వడ్డిస్తాడు. ఎక్కడ దొరికాయని అడిగితే "అడవిలోనేనండీ" అంటూ ఇంకో గరిటె వేస్తాడు.