తప్పు పడిన తేదీ – తీర్చవలసిన హక్కు

అమెరికా సైన్యంలో ఒక కెప్టెన్ ఉన్నాడనుకుందాం. మేజర్ పదవికి ఆయన పేరు ఎంపికైంది. కావలసిన సర్వీసు ఉంది, అర్హతలున్నాయి, పై అధికారుల సిఫారసు ఉంది. కాని ఆయన ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్లే దారిలో ఆగిపోయింది. ఒక కాగితం వేరే ఫైల్లో కలిసిపోయింది. దాన్ని వెతికి పంపేసరికి సంతకం చేయవలసిన అధికారి మారిపోయాడు. చివరికి ఉత్తర్వు వచ్చింది. అయితే దాని మీద ఉన్న తేదీ, ఉండవలసిన తేదీకి ఎనిమిది నెలల తర్వాతిది.

ఇది మేము ఊహించి చెప్పిన ఉదాహరణ. కాని ఇలాంటి అర్జీలు ఆ దేశపు సైనిక రికార్డుల దిద్దుబాటు బోర్డుల ముందుకు వస్తూనే ఉంటాయి.

ఇక్కడ ఆ అధికారిపై ఎవరూ పగబట్టలేదు. ఎవరూ లంచం అడగలేదు. గుమాస్తాను నిలదీస్తే, “నేనేమీ కావాలని చేయలేదే!” అంటాడు. అతను చెప్పింది నిజమే. మరి దౌర్జన్యం చేసినవాడు లేనప్పుడు దౌర్జన్యం జరిగిందని అనగలమా? ఉద్దేశం లేని తప్పుకు బాధ్యత ఉంటుందా? గడిచిపోయిన తేదీని వెనక్కి వెళ్లి మార్చడం న్యాయమేనా? ఈ ప్రశ్నలు సైన్యానికే పరిమితమైనవి కావు. కలం పట్టిన ప్రతి చేతికీ సంబంధించినవి.

తేదీ బరువు

ఎనిమిది నెలలే కదా, పదవి ఎలాగూ వచ్చింది కదా అని కొందరు అనవచ్చు. కాని సైన్యంలో హోదా తేదీ అంటే ఉత్తి అంకె కాదు. ఒకే హోదాలో ఉన్న ఇద్దరిలో ఎవరు సీనియరో ఆ తేదీయే చెబుతుంది. కొత్త జీతం ఎప్పటి నుంచి అన్నది ఉత్తర్వులోని తేదీని బట్టే ఉంటుంది. తర్వాతి పదోన్నతికి పేరు ఎప్పుడు పరిశీలనకు వస్తుందన్నదీ ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. చివరికి పెన్షన్ కూడా దీని నుంచి తప్పించుకోదు. 1980 సెప్టెంబరు తర్వాత ఆ సైన్యంలో చేరినవారిలో చాలామందికి, అత్యధిక జీతం వచ్చిన 36 నెలల సగటు మీద పెన్షన్ లెక్కిస్తారు. కనుక ఒకచోట పడిన తప్పు ఒకచోటే ఆగదు. మొదటి గుండీ తప్పు కాజాలో పెడితే చివరి గుండీ దాకా అంతే మరి!

ఒకప్పుడు ఇలాంటి తప్పు దిద్దించుకోవాలంటే ఆ దేశపు చట్టసభలో ఆ ఒక్క వ్యక్తి కోసం ప్రత్యేక బిల్లు పెట్టించుకోవలసి వచ్చేది. పలుకుబడి ఉన్నవాడికి అది సాధ్యం, లేనివాడికి కాదు. 1946లో చేసిన చట్టం ఆ పద్ధతిని మాన్పించి, సైనిక రికార్డులను దిద్దే బోర్డులకు దారి వేసింది. వాటిలో కూర్చునేది సైనికులు కాదు, పౌర అధికారులు. 1951లో చేసిన సవరణతో, దిద్దిన రికార్డు ప్రకారం రావలసిన సొమ్ము చెల్లించే అధికారం కూడా లభించింది. ఆ చట్టంలో రెండు మాటలున్నాయి. రికార్డులోని ‘పొరపాటు’ను దిద్దడం ఒకటి, ‘అన్యాయా’న్ని తొలగించడం రెండోది. పొరపాటు వేరు, అన్యాయం వేరు. అయినా రెండింటికీ తలుపు ఒకటే. ఇది ఆలోచించదగిన విషయం.

పాపం పోతుంది, పరిహారం పోదు

మదర్సాలో ఫిఖ్ చదివే విద్యార్థికి ఒక ఉదాహరణ చెబుతారు. నిద్రపోతున్న మనిషి దొర్లి పక్కవాడి కుండ పగలగొట్టాడు. అతనికి పాపం ఉందా? లేదు. నిద్రలో ఉన్నవాడికి ఉద్దేశం ఎక్కడిది? మరి కుండ ఖరీదు ఇవ్వాలా? ఇవ్వాలి. ఎందుకంటే కుండ పగిలింది నిజం, అది పరాయివాడిదన్నదీ నిజం. ఆచరణలు సంకల్పాలను బట్టే ఉంటాయన్న దైవప్రవక్త (స) బోధ మనిషికీ అతని ప్రభువుకూ మధ్య ఉన్న లెక్కను చెబుతుంది. తోటి మనిషికి జరిగిన నష్టాన్ని అది మాఫీ చేయదు.

గుమాస్తా విషయమూ ఇంతే. మరచిపోయినందుకు అతను పాపి కాకపోవచ్చు. కాని మరపు వల్ల పోయింది ఇంకొకరి హక్కు. దాన్ని తిరిగి ఇవ్వడం దయ కాదు, దానం కాదు. అమానతును సొంతదారుకు అప్పగించడం. ఇక తప్పు జరిగిందని తెలిసిన తర్వాత కూడా నాన్చితే పరిస్థితి మారిపోతుంది. ఇవ్వగలిగి ఉండీ బాకీని వాయిదా వేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. తెలియక చేసిన మొదటి ఆలస్యం పొరపాటు. తెలిసి చేసే రెండో ఆలస్యం జుల్మ్.

వెనకటి తేదీ రాయడం అబద్ధం కాదా?

ఇక్కడ నిజాయితీపరుడికే ఒక సందేహం కలుగుతుంది. ఆ ఎనిమిది నెలలు ఆ అధికారి మేజర్‌గా పనిచేయలేదు కదా. ఆ హోదా చిహ్నం భుజం మీద లేదు కదా. ఇప్పుడు రికార్డులో ‘అప్పటి నుంచే మేజర్’ అని రాస్తే అది అబద్ధపు సాక్ష్యం కాదా?

కాదని మా అభిప్రాయం. దివ్యఖుర్ఆన్‌లోని ఆయతులన్నిటిలో పొడవైనది అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. అది అప్పు పత్రం గురించినది. గడువుతో కూడిన అప్పును రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి విసుగు చెందరాదనీ అది ఆదేశిస్తుంది. అప్పు తీర్చవలసిన రోజు ఒకటి, తీర్చిన రోజు ఇంకొకటి కావచ్చు. ఆలస్యంగా తీర్చినంత మాత్రాన తీర్చవలసిన రోజు మారిపోదు. హోదా తేదీ కూడా అలాంటిదే. ఆ మనిషి భుజం మీద ఏముందో చెప్పడం దాని పని కాదు. అతని హక్కు ఏ రోజున నిలబడిందో చెప్పడం దాని పని. కనుక తప్పుడు తేదీయే అబద్ధపు సాక్ష్యం, దిద్దిన తేదీ నిజమైన సాక్ష్యం.

అయితే దీనికొక హద్దు ఉంది. ఆ రోజున హక్కు నిజంగా ఉండి ఉండాలి. లేని హక్కును వెనక్కి జరిపి రాస్తే అది దిద్దుబాటు కాదు, మోసం. అమెరికాలో నేషనల్ గార్డు అధికారులకు మొదట రాష్ట్రం పదోన్నతి ఇస్తుంది, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ గుర్తింపు రావాలి. ఈ రెండింటి మధ్య ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి. 2018 ఆగస్టులో వచ్చిన చట్టం ఇలాంటి అనుచిత జాప్యం జరిగినప్పుడు తేదీని వెనక్కి జరిపే అధికారం ఇచ్చింది. కాని రెండు షరతులు పెట్టింది. ఆలస్యానికి ఆ అధికారి కారణమై ఉండకూడదు. రాష్ట్రం పదోన్నతి ఇచ్చిన తేదీకన్నా వెనక్కి వెళ్లకూడదు. న్యాయపు త్రాసుకు రెండు తట్టలూ ఉండాలి కదా!

పనిచేయని కాలానికి జీతమా?

రెండో సందేహం డబ్బు గురించి. పై పదవి పని చేయనప్పుడు ఆ జీతం ఎలా తీసుకుంటాడు? మన దేశంలోనూ ఈ ప్రశ్న వచ్చింది. సివిల్ ఉద్యోగుల పదోన్నతుల విషయంలో మన సుప్రీంకోర్టు 1991లో జానకీరామన్ కేసులో తీర్పు చెబుతూ, పని లేకపోతే జీతం లేదన్న సాధారణ సూత్రం అన్ని చోట్లా చెల్లదని స్పష్టం చేసింది. ఉద్యోగి పనిచేయడానికి సిద్ధంగా ఉండి, అతని తప్పేమీ లేకుండానే యాజమాన్యం అతన్ని ఆ పనికి దూరంగా ఉంచితే ఆ సూత్రం అతనికి వర్తించదు. తలుపు మూసింది ఒకరైతే, లోపలికి రాలేదని ఇంకొకరిని శిక్షించడం ఎక్కడి న్యాయం?

ముందుకు వెళ్లినవారి సంగతి

మూడో సందేహం అన్నిటికంటే కష్టమైనది. ఈ అధికారి తేదీ వెనక్కి జరిగితే, ఈ మధ్యలో ఆయనకు సీనియర్లయినవారు మళ్లీ జూనియర్లు అవుతారు. వారి తప్పు ఏమీ లేదు. మరి వారి మాటేమిటి?

ఇక్కడ హజ్రత్ ఉమర్ (రజి) గారి కాలాన్ని గుర్తు చేసుకుందాం. యోధులకూ ముస్లిం సమాజానికీ భత్యాలు ఇచ్చేందుకు ఆయన ‘దీవాన్’ అనే రిజిస్టరు రాయించారు. లేఖకులు మొదట దైవప్రవక్త (స) వంశమైన బనూ హాషిమ్‌ను రాసి, తర్వాత ఖిలాఫతు వరుసలో అబూబక్ర్ (రజి) వంశాన్ని, ఆ తర్వాత ఉమర్ (రజి) వంశాన్ని రాశారని చరిత్రకారులు చెబుతారు. ఆ వరుస ఖలీఫాకు లాభమైనదే. అయినా ఆయన దాన్ని ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స)కు బంధుత్వంలో దగ్గరివారి నుంచి మొదలుపెట్టి రాసుకుంటూ రమ్మనీ, ఉమర్‌కు అల్లాహ్ ఏ స్థానం ఇచ్చాడో అక్కడే ఉంచమనీ చెప్పి దిద్దించారు. ఆయన వంశస్థులు వచ్చి ముందు రాసినట్లే ఉంచమని అడిగినా వినలేదు.

ఇందులో మనకు జవాబు ఉంది. తప్పు వల్ల దక్కిన వరుస హక్కు కాదు, చేతికి వచ్చిన పరాయి వస్తువు వంటిది. దాన్ని వెనక్కి ఇవ్వడం వల్ల ఇచ్చినవాడి గౌరవం తగ్గదు. పదోన్నతి పొందిన ఆ ఇతరుల ప్రతిభనూ శ్రమనూ ఎవరూ తీసేయడం లేదు, మధ్యలో ఒకరిని అతని స్థానంలో నిలబెడుతున్నారంతే. ఎంపిక మండలి ముందుకు అసలు పేరే వెళ్లని అధికారుల కోసం అమెరికా చట్టం ప్రత్యేక మండలిని ఏర్పాటు చేయిస్తుంది. అందులో ఎంపికైతే, మొదటి మండలిలోనే ఎంపికై ఉంటే ఏ తేదీ, ఏ వరుస దక్కేవో అవే ఇవ్వాలి. దాని భావం కూడా ఇదే.

రుజువు భారం ఎవరిది?

ఆ బోర్డుల పద్ధతిలో ఒక కఠినమైన విషయం ఉంది. కార్యాలయం తన పని సక్రమంగానే చేసిందన్న భావనతో విచారణ మొదలవుతుంది. తప్పు జరిగిందని చూపించే భారం అర్జీదారుదే. తప్పు తెలిసిన మూడేళ్లలోపు అర్జీ పెట్టాలి, న్యాయం కోసం అవసరమనిపిస్తే బోర్డు ఆ గడువును సడలించవచ్చు. లోకంలో పని జరగాలంటే ఇలాంటి నియమాలు ఉండక తప్పదేమో. కాని కాగితం ఉన్నది కార్యాలయం బీరువాలో. దాన్ని చూపించవలసింది మాత్రం దాన్ని ఎన్నడూ చూడని మనిషి!

పరలోక న్యాయస్థానంలో రిజిస్టరు ఎవరి చేతిలో ఉండిందో వారినే అడుగుతారు. కనుక కలం పట్టినవాడు అర్జీ కోసం ఎదురుచూడకూడదు. తన తప్పును తానే వెతకాలి.

ఎంత ఆలస్యమైతే అంత తక్కువే తిరిగి వస్తుంది. హెన్రీ ఫ్లిప్పర్ అనే అధికారి బానిసగా పుట్టి, 1877లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి పట్టభద్రుడైన మొదటి నల్లజాతీయుడయ్యారు. 1882 జూన్ 30న ఆయన్ని సైన్యం నుంచి తొలగించారు. అది గుమాస్తా పొరపాటు కాదు, సైనిక విచారణ చెప్పిన తీర్పు. జీవితాంతం పోరాడి 1940లో కన్నుమూశారు. 1976లో దిద్దుబాటు వ్యవస్థ ఆ తొలగింపును గౌరవప్రదమైన విరమణగా మార్చింది. కాగితం మీద తేదీ అదే, 1882 జూన్ 30. దాన్ని అందుకోవలసిన చెయ్యి మాత్రం లేదు.

మన రిజిస్టర్లు

ఈ మాటలు మేము ఒడ్డున కూర్చుని చెప్పడం లేదు. ఒక మదర్సాలో పాఠాలు చెప్పే రోజుల్లో ఉపాధ్యాయుల రిజిస్టరు మా చేతిలో ఉండేది. ఒక యువకుడు షవ్వాల్ నెలలో చేరితే మేము జిల్ ఖాదా అని రాశాం. షవ్వాల్‌లో చేరినవారికే ఆ ఏడు జీతం పెరిగింది. అతను కొన్నాళ్లు ఏమీ అనలేదు. ఒకరోజు అస్ర్ నమాజు తర్వాత దగ్గరికి వచ్చి మెల్లగా విషయం చెప్పాడు. మా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, “ఒక్క నెలే కదా భాయ్!” అతను తల వంచుకుని, “ఒక్క నెలే మౌలానా. కాని ఆ నెల నేను పాఠాలు చెప్పాను” అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తప్పు రాసినందుకు కాదు, దాన్ని చిన్నదన్నందుకు. మర్నాడు కమిటీ ముందు తప్పు మాదేనని చెప్పి, తేదీ దిద్దించి, రావలసిన తేడా ఇప్పించాం. అతను మమ్మల్ని క్షమించాడు. కాని అతను అడగకపోయి ఉంటే? ఆ నెల మా మెడకు వేలాడుతూ ప్రళయదినం దాకా వచ్చేది కాదా?

ఉత్తరాల మీద తేదీ ఉండటం లేదని అబూ మూసా అష్అరీ (రజి) రాయగా, హజ్రత్ ఉమర్ (రజి) సహచరులతో సంప్రదించి హిజ్రీ లెక్కను స్థిరపరచారని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. న్యాయ నిర్ణయాల గురించి ఆయన అదే అబూ మూసా (రజి)కు రాసినట్లుగా ప్రసిద్ధమైన లేఖలో, నిన్న ఇచ్చిన తీర్పు తప్పని తేలితే ఈరోజు సత్యం వైపు మరలడానికి అది అడ్డు కాకూడదన్న బోధ ఉంది. మొదటిది తేదీ రాయడం నేర్పింది, రెండోది తప్పు తేదీని దిద్దుకోవడం నేర్పుతోంది.

సోదరులారా! మీ దుకాణంలో పనివాడి హాజరు పుస్తకం, మీ కమిటీ లెక్కల పుస్తకం, మీ పాఠశాల ప్రవేశ రిజిస్టరు ఒకసారి తెరిచి చూడండి. ఎవరి తేదీ అయినా తప్పు పడి ఉంటే, వారు వచ్చి అడగకముందే దిద్దండి. అల్లాహ్ మన కలాలను న్యాయంపై నిలుపుగాక! పరాయివారి హక్కు ఏదీ మన మెడపై లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యం మనకు ప్రసాదించుగాక! ఆమీన్.