తెలియదనే మాట కూడా శీలమే

 

ఉపాసక, ఉపాసికలారా,

మీలో కొందరు ఒకప్పుడు వైరింగ్ పని చేసినవాళ్ళు. మేస్త్రీ వెనక నిచ్చెన మోసి, గోడలకు గాడి కొట్టి, పైపులేసి పని నేర్చుకున్నారు. తర్వాత నాచారంలోనో ఉప్పల్‌లోనో ఫ్యాక్టరీ పని దొరికింది. పది పదిహేనేళ్ళు టెస్టర్ ముట్టలేదు. ఇప్పుడు కంపెనీ మూతపడింది, లేదంటే వయసు చూసి వద్దన్నారు. మిగిలింది పాత పని ఒక్కటే. సైనిక్‌పురిలో తెలిసినవాళ్ళు పిలుస్తున్నారు: "అన్నా, గీజరు దగ్గర షాక్ కొడుతున్నది, ఒకసారి వచ్చి చూడు."

పోవాలా, వద్దా? పోతే ఏ మనసుతో పోవాలి? పైకి ఇది సంపాదన సంగతి. లోపల మాత్రం ధమ్మం సంగతి.

సమ్యక్ ఆజీవం అనగానే బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న ఐదు వ్యాపారాలు గుర్తొస్తాయి: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. కరెంటు పని వాటిలో లేదు కాబట్టి మన బతుకుదెరువు శుద్ధమే అనుకుంటాం. కానీ ఏ పని చేస్తున్నామన్నది సగం ప్రశ్నే. ఎట్లా చేస్తున్నామన్నది మిగతా సగం. ప్రాణం తీయనని పంచశీలలో మొదటి మాట ఇచ్చాం. ఎర్త్ లేని ప్లగ్గులో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు లూప్ కొట్టి వచ్చేవాడికి ఎవరినీ చంపాలని ఉండదు. అయినా ఏదో ఒక రోజు ఆ న్యూట్రల్ తెగితే ఫ్రిజ్ ఒళ్ళంతా కరెంటే. ముట్టుకునేది ఆ ఇంటి పసిబిడ్డ కావచ్చు.

మీరు దూరంగా ఉన్న ఏళ్ళలో పని మారింది. ఫ్యూజు పోతే తీగ చుట్టిన చేతులు మీవి. ఇప్పుడు ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు. ఎంసీబీ వైరును కాపాడుతుంది. మనిషిని షాకు నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, లైను కట్ చేస్తుంది. అప్పట్లో మెయిన్ ఆపితే ఇల్లంతా చచ్చినట్టే. ఇప్పుడు మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటుంది. మిద్దె మీద సోలార్ ఉంటే అదింకో సంగతి: మీటర్ దగ్గర ఆపినా, ఎండ ఉన్నంతసేపు పలకల నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటుంది. పాత అలవాటుతో చెయ్యి పెడితే మొదట పోయేది మీ ప్రాణమే.

ఇక్కడ అడ్డం వచ్చేది తెలియకపోవడం కాదు. తెలియకపోవడం నేర్చుకుంటే పోతుంది. అడ్డం వచ్చేది మానం, అంటే "నేను" అనే గర్వం. "నేను మేస్త్రీగా చేసినోణ్ణి, ఇరవై ఏళ్ళ పిల్లగాడిని అడగాలా?" పుట్టుకతో పెద్దా చిన్నా లేదని దీక్షలో ఒప్పుకున్నాం. మరి వయసుతో వచ్చే పెద్దరికాన్ని మాత్రం ఎందుకు పట్టుకు వేలాడాలి? "తమ్ముడూ, ఇది నాకు కొత్త, చూపించు" అనడం చిన్నతనం కాదు. తెలియని పనిని తెలిసినట్టు ఒప్పుకుంటే అబద్ధమాడనన్న నాలుగో శీలం అక్కడే తెగుతుంది.

"మాటలకేం, తెలియదంటే పని పోతుంది, పిల్లల ఫీజు ఎవరు కడతారు?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆళవిలో ఆకలితో వచ్చిన రైతుకు ముందు అన్నం పెట్టించి, తర్వాతే బుద్ధుడు ధమ్మం చెప్పాడని కథ ఉంది. ఆకలిగా ఉన్నవాడికి ఉత్త నీతులు చెప్పడం ధమ్మం కాదు. కాబట్టి ఈ శీలం ఒక్కడి మీద వేసే బరువు కాదు. మన విహారానికి వచ్చేవాళ్ళలో పని తెలిసినవాళ్ళున్నారు. తిరిగొచ్చిన మనిషిని నాలుగు నెలలు వెంట తిప్పుకోండి, కూలి సరిగ్గా ఇవ్వండి, వైర్‌మన్ పర్మిట్‌కు దారి చూపండి. మైత్రి అంటే ఇదే.

రాహులుడికి బుద్ధుడు చెప్పిన పద్ధతి ఈ పనికి అతికినట్టు సరిపోతుంది: చేసే ముందు చూసుకో, చేస్తున్నప్పుడు చూసుకో, చేశాక చూసుకో. నాకైనా, ఎదుటివారికైనా హాని ఉందా? ముందు: ఇన్వర్టర్ ఆపానా, టెస్టర్ పెట్టానా? చేస్తున్నప్పుడు: ధ్యాస చేతి మీద ఉందా, ఫోన్ మీదా? చేశాక: ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కానా, ఎర్త్ చూశానా? అప్రమాదం అంటే ఈ మూడు చూపులే.

పరీక్ష ఎప్పుడొస్తుందో చెప్తాను. ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. ఇంటాయన విసిగి, "అది తీసేసి డైరెక్ట్ ఇచ్చేయ్, ఐదొందలు తీసుకో" అంటాడు. పది నిమిషాల పని. లీకు ఎక్కడుందో ఒక్కో లైను విప్పి వెతకాలంటే సగం రోజు. ఆ వెతకడం మీకు రాకపోతే, వచ్చినవాడిని పిలవండి. డైరెక్ట్ మాత్రం ఇవ్వకండి.

కులం మనుషుల్ని పనులవారీగా పుట్టుకతోనే విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. కరెంటు పనికి పుట్టుకతో హక్కుదారుడు లేడు. 1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు విద్యుత్తు విషయం కూడా ఆయన చేతిలోనే ఉంది. చౌకగా, సమృద్ధిగా కరెంటు ఉండాలని పట్టుబట్టారు. ఆ కరెంటును ఇంట్లోకి తెచ్చే చెయ్యి మనది. నీళ్ళిచ్చే ముందు ఇంటిపేరు ఆరా తీసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మన మంచి పని చూసి వాళ్ళు మారతారని చెప్పలేను. వాళ్ళ మెప్పు కోసం చేసే పనీ కాదిది. అలా అడిగిన ఇంట్లో కూడా ఎర్త్ సరిగ్గా కట్టి రావాలి, ఎందుకంటే శీలం వాళ్ళది కాదు, మనది.

కాబట్టి పొండి, పనికి పొండి. తెలిసింది చేయండి, తెలియంది అడగండి.

భవతు సబ్బ మంగళం.