తొందర పని, ముఖ్యమైన పని

ధ్యాన భాగము: నిర్గమకాండము 18:13–26



పదిమంది చేత పని చేయించువారు మన సంఘములలో అనేకులున్నారు. మా నాదెండ్ల ప్రాంతమున గణపవరము నూలు మిల్లులలోను, పత్తి జిన్నింగు మిల్లులలోను మేనేజర్లుగా, సూపర్‌వైజర్లుగా ఉన్నవారిని పలుకరించినయెడల మొదట వినబడు మాట, “తీరిక లేదండీ” అనునదే. ఈ మాటను మనము కష్టజీవికి గుర్తుగా ఎంచుచున్నాము. అయితే తీరిక లేకపోవుట నిజముగా సద్గుణమేనా?

మోషే సోమరి కాడు. ఉదయము మొదలు సాయంకాలము వరకు కూర్చుండి జనుల తగవులు తీర్చుచుండెను. ఆయన మామయగు యిత్రో దానిని చూచి మెచ్చుకొనలేదు. యిత్రో కన్ను కూర్చున్న అల్లునిమీద మాత్రమే నిలువక, చుట్టును నిలిచియున్న జనులమీద కూడ పడినది. ఈ పద్ధతి మోషేతోపాటు జనులను సహితము అలయజేయునని ఆయన చెప్పెను.

ఇచ్చట మనము గమనింపవలసినది ఒకటున్నది. అధికారి కాలము అతని ఒక్కనిది కాదు. పత్తి ట్రాక్టరు కాటా యొద్ద నిలిచియున్నది. మేనేజరు సంతకము కావలెను. ఆయన ఫోనులో ఉన్నాడు. ఆయనకు అది కొంచెము ఆలస్యమే. రైతునకో, ఒక పూట పనియు, ట్రాక్టరు బాడుగయు పోయినవి. కూలి పట్టీమీద శనివారము సంతకము పడనియెడల ఒక ఇంట ఆదివారము పొయ్యి రాజదు. కావున కాలమును క్రమపరచుకొనుట తెలివికి మాత్రమే గాక న్యాయమునకును సంబంధించిన విషయము.

1954 ఆగస్టులో అమెరికాలోని ఇవాన్‌స్టన్ నగరమున ప్రపంచ క్రైస్తవ సంఘముల సమాఖ్య రెండవ మహాసభ జరిగెను. అందు అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఒక పూర్వపు కళాశాలాధ్యక్షుని మాట జ్ఞాపకము చేసెను. తొందరపెట్టు సమస్యలు వేరు, ముఖ్యమైన సమస్యలు వేరు అని దాని భావము. తొందర పనికి నోరున్నది. ఫోను మ్రోగును, యజమాని పిలుచును, లారీ డ్రైవరు కేక వేయును. యంత్రపు బెల్టుకు రక్షణగా జాలీ లేదని ఎవరు కేక వేయుదురు? క్రొత్తగా చేరిన అమ్మాయికి పని సరిగా నేర్పలేదని ఎవరు ఫోను చేయుదురు? నోరులేని పని ప్రమాదము జరిగిన దినముననే మాటలాడును.

మనకు దూరము కాని ఒంగోలులో ఇందుకొక దృష్టాంతమున్నది. 1876–78 నాటి మహా కరవులో మిషనెరీయైన జాన్ క్లౌ దొరగారు ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసికొనిరి. సర్వేయరు పని ఎరిగినవారైనను అంతయు తామే చూడక, తెలుగు బోధకులను పైవిచారణకు నియమించిరి. అంతకంటె కఠినమైన నిర్ణయము మరియొకటి. కూలికొరకు ఎవరును సంఘములో చేరరాదని, కరవు పని సాగినంతకాలము బాప్తిస్మములను ఆపివేసిరి. ఏ పనికొరకు సముద్రము దాటి వచ్చిరో దానినే వేచియుండనిచ్చిరి. ఆ దినములలో మొదటిది అన్నమే. పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

పని పంచి ఇచ్చుట అనగా భారము దులుపుకొనుట కాదు. సమర్థులను, లంచమును అసహ్యించుకొనువారిని ఏర్పరచుకొనుమని యిత్రో చెప్పెను. కఠినమైన వ్యాజ్యెములు మోషేయొద్దనే నిలిచెను. నమ్మదగినవారు లేరని మనము తరచుగా అందుము. వారిని తయారుచేయుటకు మనమెన్నడైనను ఒక గంట కేటాయించితిమా?

కాబట్టి ప్రతి ఉదయము పనిలో ప్రవేశింపకముందు మూడు ప్రశ్నలు వేసికొందము. మన సంతకముకొరకు నిలిచియున్నవారెవరు? మరియొకరు చేయగల పనిని మనము విడువక పట్టుకొనియున్నామా? నేడు నోరులేని పని ఏది? దానిని మొదట చేయుదము. తక్కిన పనులు ఎటులైనను మనలను పిలుచును.