త్రాగుడు మానదలచినవానికి తగిన సంగమేది?

మద్యము మానుట కేవలము సంకల్పబలముతో జరుగు పని యని లోకము తలచును. పెద్దలు పిలిచి ఒట్టు పెట్టింతురు. ఒట్టు పెట్టినవాడు పది దినములలో మరల దుకాణము గడప త్రొక్కినచో వానికి సిగ్గులేదందురు. అయితే త్రాగుడు సాధారణముగ నలుగురిలో నేర్చిన అలవాటు. దానిని ఒంటరిగా మరువుమనుట న్యాయమా యను ప్రశ్న ఆలోచింపదగినది.

విజయనగరమున వెలసిన గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1909 నాటి కూర్పులో సారాదుకాణపు రంగమొకటి కలదు. బైరాగి, హవల్దారు, వీరేశ మున్నగువారు అచట చేరి త్రాగుచు వేదాంతము చర్చింతురు. చదువరి నవ్వుకొనును గాని, అందొక సత్యమున్నది. దుకాణము కూడ ఒక సంగమే. అచట వచ్చినవానిని మందలించువారు లేరు. కూర్చుండ చోటును, మాటకు తోడును దొరకును. త్రాగుడు మానినవాడు సీసాతో పాటు ఆ తోడును కూడ కోల్పోవును. ప్రొద్దుగ్రుంకిన వెనుక ఎటు పోవలెనో వానికి తోచదు. మన రాష్ట్రమున 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలినది. చట్టము అంగడిని మూయగలదు గాని, మానినవాని సాయంకాలమును నింపజాలదు. దానిని నింపవలసినది మరియొక సంగము.

బసవేశ్వరుడు ఈ మర్మమెరిగినవాడు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమందలి అనుభవమంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడుగా నానా కాయకములవారు కూర్చుండి తమ అనుభవమును చెప్పుకొనిరి. ఆ శరణులలో హెండద మారయ్య యొకడు. కన్నడమున హెండమనగా కల్లు. అతని పూర్వవృత్తి కల్లమ్మకము. శరణులు ఆ పేరును దాచలేదు, అతనిని దూరముంచలేదు.

ఇట్టి సూత్రమే ఎనిమిది శతాబ్దముల పిమ్మట వేరొక దేశమున కానవచ్చినది. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమునకు పనిమీద వచ్చిన బిల్ విల్సన్, మరల త్రాగుదునేమోయని భయపడి, తనవంటి మరియొక త్రాగుబోతును వెదకెను. దొరికినవాడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. బోధించుటకంటె తన కథ చెప్పుకొని తాను నిలుచుటయే విల్సన్ ఉద్దేశము. ఆ యిద్దరి కలయికనుండి ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుట్టినది. 1957లో ఢిల్లీలో అది మనదేశమున ఆరంభమైనది. అందు చేరుటకు మానవలెనను కోరిక యొక్కటే అర్హత. రుసుము లేదు, ఇంటిపేరుతో పనిలేదు.

ఇక తగిన సభ నెట్లు గుర్తింపవలెను? ఎవరి కథ వారు చెప్పుకొనుచున్నారా, లేక ఒకడే ఉపన్యసించుచున్నాడా? అచట విన్న మాట అచటనే నిలుచునా? ఏండ్లుగా మానియున్నవారు, నిన్న మానినవారు కలసి కూర్చుందురా? మాటాడు భాష తన యింటి భాషయేనా? సభ ముగిసిన పిదప ఊరు చేరుటకు బస్సు దొరకునా? ఇవి చిన్నవిగా తోచినను, వీటిమీదనే రాకపోకలు నిలుచును. మొదటి సభ మనసుకు పట్టనిచో సభను మార్చుకొనవచ్చును, సంకల్పమును మార్చుకొనరాదు. ఒక గుడిలో మనసు నిలువలేదని భక్తినే విడుచువారుందురా?

ఇందొక హెచ్చరిక. ఏండ్ల తరబడి మిక్కిలిగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును. అట్టివాడు ముందు వైద్యుని చూడవలెను. ప్రభుత్వమువారి ఉచిత సహాయ దూరవాణి 14446.

మెడలో లింగము ధరించినవాడు బయటి సభకు పోవుట భక్తిలోపమా యని కొందరందురు. కాదు. ఆ సభలు దైవమును ఎవరికి తోచిన విధమున వారిని భావింపనిచ్చును. పంచాచారములలో సదాచారము సత్యముగ బ్రతుకుమనును. భృత్యాచారము అహంకారము విడువుమనును. ‘నా వల్ల కాలేదు, తోడు కావలెను’ అని పలుకుటలో ఈ రెండును కలవు. గణాచారమను పేర తప్పినవానిని వెలివేయుట కొందరికి తెలిసిన ఆచారము. గణమును కాపాడుటయే గణాచారమైనచో, జారినవానికి చేయందించుట అందులో మొదటి పని.

రాజాం, బొబ్బిలి, నరసన్నపేట, టెక్కలి వంటి ఊళ్లలో ఒకరి సంగతి వేరొకరికి తెలియనిది కాదు. అందుచే ఒకడు తన ఊరు విడిచి విజయనగరమో, విశాఖపట్నమో పోయి సభ వెదకినచో దానిని పిరికితనమనరాదు. దగ్గరలో సభ లేనిచో, మానదలచిన యిద్దరు వారమునకొక సాయంకాలము కలసి కూర్చున్నను సంగమే. ఏక్రనులో మొదట నున్నది ఇద్దరే కదా! వారికి మఠములోనో, సంఘభవనములోనో ఒక గది యిచ్చి, పేర్లడుగక, తొంగిచూడక యుండుట మన సంఘము చేయగల దాసోహము. భర్త త్రాగుడుచే నలిగిన యిల్లాండ్రకు కూడ అట్టి చోటు వేరుగ కావలెను. వారి మౌనము మాటగా మారిననాడే ఇల్లు కోలుకొనును.

గడపలోనికి వచ్చినవానిని ‘ఎన్నాళ్లయినది మాని?’ అని అడుగుటకు ముందు ‘రమ్ము, కూర్చుండుము’ అనుట శరణధర్మము.